బర్మా బజార్: ముహాజిర్ల రోజీ

చిత్తూరు, తిరుపతి నుంచి షాదీ సామాను కోసం మద్రాసు వెళ్లిన మన పెద్దలకు ‘ఫారిన్ మాల్’ అంటే బర్మా బజారే. దాన్ని దొంగసరుకు బజార్ అని తీసిపారేయడం ఇన్సాఫ్ కాదు.

1962లో బర్మాలో నే విన్ ఫౌజీ హుకూమత్ వచ్చింది. 1964లో హిందుస్తానీల దుకాణాలు జప్తు చేసింది, 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేసింది. తరాల కమాయీ చిత్తుకాగితమైంది. ఖాళీ చేతులతో ఓడ దిగిన తమిళులు, వాళ్లలో ముసల్మానులూ ఉన్నారు, బీచ్ స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద బేరానికి కూర్చున్నారు. (తెలుగు ముహాజిర్ల బస్తీ విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంప్.) 1969లో సర్కారు అక్కడే దుకాణాలకు ఇజాజత్ ఇచ్చింది.

సెంట్లు, గడియారాలు, టేప్‌రికార్డర్లు. ఔను, కస్టమ్స్ కళ్లుగప్పిన మాల్ కూడా అమ్మారు. రోజీకి వేరే దర్వాజా ఎవరు తెరిచారు గనక?

1991 తర్వాత ఫారిన్ మాల్ ప్రతి ఊళ్లో దొరకసాగింది. బేరం సెల్‌ఫోన్లకు మళ్లింది. సాయంత్రాలు బండ్ల మీద బర్మా నూడుల్స్ ‘అత్తో’ మాత్రం ఇప్పటికీ కలుపుతున్నారు.