గంప కింద జుట్టు

తెలుగులో స్త్రీల జుట్టు చరిత్ర అంటే సంస్కర్తలు గుర్తొస్తారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. విధవల శిరోముండనం మీద ఆ కాలంలో చాలా సిరా ఖర్చయింది. అది బ్రాహ్మణ స్త్రీ తల. మాల, మాదిగ ఇండ్లలో మొగుడు చచ్చిపోతే గుండు గీయరు, మారుమనువు ఉంది. కాబట్టి మన ఆడవాళ్ల తలలకు చరిత్రే లేదనుకున్నారు కాబోలు.

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో మన పెద్దమ్మల కొంగు తీసి చూడాలి. నడినెత్తిన రూపాయి బిళ్లంత, కొందరికి అరచేయంత జుట్టుండదు. కె.సి. కాలువ కింది మళ్లకు పేడగంపలు, వరిమోపులు, బేతంచెర్ల నాపరాతి గనుల్లో రాళ్ల తట్టలు, అన్నీ ఆ తల మీదనే. గుడ్డ చుట్ట పెట్టుకున్నా ఏండ్ల తరబడి రాపిడికి కుదుళ్లు చచ్చిపోతాయి. కాన్పుల తర్వాత రక్తం లేక ఊడేది వేరే. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనన్న సామెతలో గంప మోసినమ్మ లేదు.

19వ శతాబ్దంలోనే ముత్యాలపాడు, నంద్యాలలకు మిషను వచ్చింది. ప్రార్థనలో స్త్రీ ముసుగు వేసుకోవాలని పౌలు కొరింథీయులకు రాసిన మాట మనవాళ్లు చర్చిలోనే విన్నారు. మా అమ్మ కొంగు కప్పుకుంటే భక్తి అనుకున్నాం. యూనివర్సిటీలో చరిత్ర చదివినాంక గానీ అడగలేదు. "భక్తి ఏందిలేమే, నెత్తిన జుట్టు యాడుంది? నలుగురు చూస్తే సిగ్గుగాదా" అన్నది.

ఈ సిగ్గు మనకొక్కరికే లేదు. 1786లో స్పెయిన్ ఏలుబడిలోని లూసియానాలో, స్వతంత్రులైన నల్ల స్త్రీలు కూడా తలకు గుడ్డ కట్టుకోవాలని గవర్నరు ఆజ్ఞ చేశాడు. వాళ్లు ఆ గుడ్డనే రంగులతో సింగారించుకున్నారు. 1867లో అదే లూసియానాలో సారా బ్రీడ్‌లవ్ పుట్టింది. బానిసత్వం పోయాక ఆ ఇంట్లో పుట్టిన మొదటి బిడ్డ. బట్టలుతికి బతికింది. తన జుట్టు ఊడిపోతే మందు తయారుచేసి, మేడమ్ సి.జె. వాకర్ పేరుతో అమ్మి, వేలమంది నల్ల స్త్రీలకు పని చూపించింది. ఆమె వ్యాపారం నల్లవాళ్ల జుట్టును తెల్లవాళ్ల జుట్టులా సాపు చేయడమేనని విమర్శ ఉంది. అందులో నిజముంది. అయినా బట్టలుతికే మనిషి తన తల గురించి నలుగురిలో మాట్లాడడం చిన్న సంగతి కాదు. 2020 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు అయానా ప్రెస్లీ తన బట్టతలను కెమెరా ముందు చూపించి, జుట్టంతా పోయిందని చెప్పింది.

మనకిక్కడ ఇంకో చిక్కుంది. బోడితల అంటే మనకు జబ్బు కాదు, దండన. 1996 డిసెంబరు 29న అప్పటి తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెంలో ఐదుగురు దళితులను కొట్టి, ఇద్దరికి గుండు గీశారు. కోర్టు 18 నెలల శిక్ష వేసింది 2024 ఏప్రిల్‌లో. శిరోముండనం అన్న సంస్కర్తల మాటే పేపర్లకెక్కింది, ఈసారి మన తలల మీద. తల బోడిగా కనబడితే మన ఆడవాళ్లు ఎందుకు హడలిపోతారో అద్దంలో వెతికితే దొరకదు.

చిక్కువెంట్రుకలకు గిన్నెలిస్తామని వీధుల్లో అరుస్తూ వచ్చేవాళ్లు అందరికీ తెలుసు. ఆ వెంట్రుకలు చేతులు మారి, విగ్గులై, నల్ల స్త్రీల తలల మీదికి కూడా చేరుతున్నాయి. అమ్మ దువ్వుకున్నప్పుడల్లా ఊడినవి చుట్టి గోడ సందులో దోపేది. వాటికొచ్చిన స్టీలు గిన్నె ఇంకా ఇంట్లో ఉంది. ఈ మధ్య ఇంట్లో ఉన్నప్పుడు కొంగు తీసేస్తాంది. చర్చిలో మాత్రం కప్పుకుంటుంది.