ఏడు మ్యాచులతో మనిషిని కొలవగలమా? ప్లేఆఫ్స్‌లో గోల్ రాని స్టార్ల కథ

ఈ ఎపిసోడ్‌లో హాకీ గురించి మాట్లాడుకుందాం. హాకీ అనగానే మనకి ధ్యాన్‌చంద్ గుర్తొస్తాడు, పచ్చటి మైదానం గుర్తొస్తుంది. ఇది ఆ హాకీ కాదు. మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే ఐస్ హాకీ. టొరాంటో, డెట్రాయిట్, బోస్టన్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లకి తెలుసు, ఏప్రిల్ వచ్చిందంటే ఆఫీసులో అందరూ ఒకటే గొడవ. "అంత జీతం తీసుకుంటాడు, ప్లేఆఫ్స్ రాగానే మాయమైపోతాడు, వాణ్ని అమ్మేయాలి." ఈ మాట ప్రతి ఏడాదీ ఎవరో ఒక స్టార్ మీద పడుతుంది.

ఈ మాట ఎంతవరకు నిజం? చరిత్ర ఏం చెబుతోంది? అదే ఇవాళ్టి విషయం.

ముందు ఆట పద్ధతి రెండు ముక్కల్లో చెప్తాను. నేషనల్ హాకీ లీగ్‌లో చాలా ఏళ్లుగా ఒక్కో జట్టు సీజన్‌కి 82 మ్యాచులు ఆడుతూ వచ్చింది. ఆ తర్వాత 16 జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. అక్కడ ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచుల సిరీస్. ముందు నాలుగు గెలిచినవాళ్లు పై రౌండ్‌కి. అలా నాలుగు రౌండ్లు, అంటే 16 విజయాలు సాధిస్తే స్టాన్లీ కప్. గోల్ కొడితే ఒక పాయింట్, గోల్‌కి దారితీసిన పాస్ ఇస్తే, అంటే అసిస్ట్ చేస్తే, అదీ ఒక పాయింట్. ఆటగాడి లెక్క అంతా ఈ పాయింట్ల మీదే నడుస్తుంది.

ఇప్పుడు కథలోకి వద్దాం. అందరికంటే గొప్పవాడితోనే మొదలుపెడదాం.

వేన్ గ్రెట్‌స్కీ. 1982-83 సీజన్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్ తరఫున 71 గోల్స్, 125 అసిస్టులు, మొత్తం 196 పాయింట్లు. ఆ ఏడాది ఆయిలర్స్ ఫైనల్‌కి వెళ్లారు. అవతల న్యూయార్క్ ఐలాండర్స్, వరసగా మూడు కప్పులు గెలిచి ఉన్న జట్టు. ఏమైంది? ఐలాండర్స్ 4-0తో ఊడ్చేశారు. నాలుగు మ్యాచుల్లో కలిపి ఎడ్మంటన్ మొత్తం జట్టు కొట్టింది ఆరు గోల్స్. గ్రెట్‌స్కీ కొట్టినవి ఎన్ని? సున్నా.

మరుసటి ఏడాది, 1984లో, మళ్లీ అదే ఫైనల్, అదే ప్రత్యర్థి. మొదటి మూడు మ్యాచుల్లోనూ గ్రెట్‌స్కీకి గోల్ లేదు. అంటే ఐలాండర్స్ మీద ఫైనల్స్‌లో వరసగా ఏడు మ్యాచులు గోల్ లేకుండా గడిచాయన్నమాట. అక్కడితో ఆపి లెక్క రాసుంటే ఏం రాసేవాళ్లం? "పెద్ద మ్యాచుల్లో చేతులెత్తేస్తాడు" అని రాసేవాళ్లం. కానీ నాలుగో మ్యాచ్‌లో రెండు గోల్స్. ఐదో మ్యాచ్‌లో ఇంకో రెండు. కప్ ఎడ్మంటన్‌ది. ఆ తర్వాత 1985, 1987, 1988లో కూడా అతని కెప్టెన్సీలోనే గెలిచారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1984 ఫైనల్ మొదటి మ్యాచ్ ఎడ్మంటన్ 1-0తో గెలిచింది. ఆ ఒక్క గోల్ కొట్టింది కెవిన్ మెక్లెలండ్, పెద్దగా గోల్స్ కొట్టే ఆటగాడు కాదు. అవతలి జట్టు తన బలమంతా గ్రెట్‌స్కీ చుట్టూ కట్టినప్పుడు మిగతావాళ్లకి చోటు దొరుకుతుంది. స్టార్ పక్కన సున్నా కనిపించినంత మాత్రాన అతను అక్కడ లేనట్టు కాదు.

ఇంతటివాడిని కూడా వదల్లేదండీ. 1993లో గ్రెట్‌స్కీ లాస్ ఏంజెలెస్ కింగ్స్‌కి ఆడుతున్నాడు. టొరాంటోతో సెమీఫైనల్. ఐదో మ్యాచ్ అయ్యాక, వీపు మీద పియానో మోస్తున్నవాడిలా ఆడుతున్నాడని ఒక టొరాంటో పత్రిక రాసింది. ఆరో మ్యాచ్‌లో ఓవర్‌టైమ్‌లో గెలుపు గోల్ అతనిదే. ఏడో మ్యాచ్ టొరాంటోలోనే జరిగింది. మూడు గోల్స్, ఒక అసిస్ట్. కింగ్స్ 5-4తో గెలిచారు.

సరే, మరి ప్లేఆఫ్స్‌లో స్టార్లకి గోల్ ఎందుకు తగ్గుతుంది? ధైర్యం చాలకనా? రెండు మామూలు కారణాలు చూడండి.

మొదటిది ప్రత్యర్థి. సీజన్‌లో ఇవాళ ఒక జట్టు, ఎల్లుండి ఇంకో జట్టు. స్టార్ కోసం ప్రత్యేకంగా సిద్ధమయ్యే తీరిక ఎవరికీ ఉండదు. ప్లేఆఫ్స్‌లో రెండు వారాల పాటు ఒకే జట్టు, ఒకే మనిషిని చదువుతుంది. ఐస్ హాకీలో ఆటగాళ్లు ముప్పావు నిమిషం ఆడి బెంచీకి వచ్చేస్తారు, వేరేవాళ్లు దిగుతారు. ఆట ఆగినప్పుడు ఆఖరున ఆటగాళ్లని మార్చుకునే హక్కు సొంత మైదానంలో ఆడే కోచ్‌ది. స్టార్ దిగాడంటే అతన్ని కట్టడి చేయడమే పనిగా ఉన్న ముగ్గుర్ని ఎదురుగా దింపుతాడు. రాత్రి మొత్తం వాళ్లే ఎదురు.

రెండోది లెక్క. ఇది కొంచెం ఓపికగా వినండి. ఒక ఆటగాడు మ్యాచ్‌కి మూడు షాట్లు కొడతాడు, నూటికి 12 గోల్ అవుతాయి అనుకుందాం. 82 మ్యాచుల్లో 246 షాట్లు, సుమారు 30 గోల్స్. అంటే చాలా మంచి ఆటగాడు. ఇతను అదే ఆట, అదే స్థాయిలో ఆడుతూ, వరసగా ఐదు మ్యాచులు గోల్ లేకుండా ఉండే అవకాశం ఎంత? 15 షాట్లూ తప్పాలి. లెక్కేస్తే దాదాపు 15 శాతం వస్తుంది. ఏడుసార్లలో ఒకసారి! ప్లేఆఫ్స్‌లో 16 జట్లు, జట్టుకి ఇలాంటివాళ్లు ఇద్దరేసి అనుకుంటే 32 మంది. ఏ తప్పూ చేయకుండానే వాళ్లలో నలుగురైదుగురికి మొదటి ఐదు మ్యాచుల్లో గోల్ రాదు. జనవరిలో ఇదే జరిగితే ఎవరూ పట్టించుకోరు. మే నెలలో జరిగితే "గుండె లేదు" అంటారు.

మన క్రికెట్‌లో చూశాం కదా. 2024 టీ20 ప్రపంచకప్‌లో ఫైనల్‌కి ముందు ఏడు ఇన్నింగ్స్‌లో కోహ్లీ మొత్తం పరుగులు 75. ఫైనల్ ఒక్కదానిలోనే 76. జట్టు అతన్ని తీసెయ్యలేదు కాబట్టే ఆ 76 వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గోల్ రాని స్టార్‌ని ఏం చేయాలి అన్న ప్రశ్నకి రెండు ఊళ్లు రెండు జవాబులు ఇచ్చాయి. ఒకటి బోస్టన్, ఇంకోటి డెట్రాయిట్.

బోస్టన్ కథ. జో థార్న్‌టన్, 1997 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన కుర్రాడు. 2002లో బోస్టన్ కెప్టెన్ అయ్యాడు. మరుసటి ఏడాదికే 101 పాయింట్లు. 2004 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మాంట్రియల్ మీద బోస్టన్ 3-1 ఆధిక్యంలో ఉండి, వరసగా మూడు ఓడి ఇంటికి వెళ్లింది. థార్న్‌టన్ ఏడు మ్యాచులూ ఆడాడు. గోల్స్ సున్నా, అసిస్టులు సున్నా. అతను పక్కటెముకల గాయంతో ఆడాడు. ఊపిరి గట్టిగా పీల్చుకోవడమే కష్టమయ్యే గాయం అది. ఆ గాయంతో దిగినందుకు మెచ్చుకోవాల్సింది పోయి, పెద్ద మ్యాచుల మనిషి కాదని ముద్ర వేశారు.

2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌తో రద్దయింది. తర్వాతి సీజన్‌లో బోస్టన్ ఓటములతో మొదలుపెట్టింది. 2005 నవంబర్ 30న థార్న్‌టన్‌ని సాన్ హోసేకి ఇచ్చేసి, బదులుగా ముగ్గుర్ని తెచ్చుకుంది. మార్కో స్టర్మ్, బ్రాడ్ స్టువర్ట్, వేన్ ప్రీమో. ఏమైందో తెలుసా? ఆ సీజన్ ముగిసేసరికి థార్న్‌టన్ 125 పాయింట్లతో లీగ్‌లోనే మొదటివాడు. అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అతనికే వచ్చింది. సీజన్ మధ్యలో జట్టు మారి ఆ ట్రోఫీ గెలిచినవాడు అప్పటిదాకా ఇంకెవరూ లేరు.

నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. థార్న్‌టన్‌కి కప్ ఎప్పుడూ దక్కలేదు. 2016లో ఫైనల్ దాకా వెళ్లి పిట్స్‌బర్గ్ చేతిలో ఓడాడు. బోస్టన్ మాత్రం 2011లో కప్ గెలిచింది. "చూశారా, అమ్మడమే మంచిదైంది" అనేవాళ్లున్నారు. కానీ అతనికి బదులుగా వచ్చిన ముగ్గురిలో ఒక్కరూ 2011 జట్టులో లేరు. వాళ్లలో ఇద్దర్ని మళ్లీ ఇచ్చి తెచ్చుకున్న ఆండ్రూ ఫెరెన్స్ ఉన్నాడు, అంతే. ఆ కప్ వెనక కెప్టెన్ జెడెనో చారా ఉన్నాడు, గోల్‌కీపర్ టిమ్ థామస్ ఉన్నాడు. ఏళ్ల తర్వాత వేరే మనుషులు గెలిచిన కప్, 2004 నాటి తీర్పు సరైనదని రుజువు చేయదు. ఆ తీర్పులో ఒక గాయాన్ని గుణం కింద లెక్కేశారు. అదీ తప్పు.

ఇక డెట్రాయిట్. స్టీవ్ ఐజర్‌మన్ 1986లో, 21 ఏళ్లకే కెప్టెన్. 1988-89లో 65 గోల్స్, 90 అసిస్టులు, 155 పాయింట్లు. కానీ కప్ రాదు. 1993లో మొదటి రౌండ్‌లోనే ఓటమి. 1994లో ఎనిమిదో సీడ్ సాన్ హోసే చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓటమి. 1995లో ఫైనల్‌కి వెళ్లి న్యూజెర్సీ చేతిలో 4-0. 1996లో సీజన్‌లో 62 విజయాలు సాధించి కూడా కొలరాడో చేతిలో ఓటమి. డెట్రాయిట్ చివరిసారి కప్ గెలిచింది 1955లో. నలభై ఏళ్ల దాహం. ఈ కెప్టెన్‌తో కప్ రాదన్న మాట బలంగా వినపడింది. 1995లో ఐజర్‌మన్‌ని ఒట్టావాకి ఇచ్చేస్తారన్న వార్తలు కూడా వచ్చాయి.

ఇవ్వలేదు. కోచ్ స్కాటీ బౌమన్ వేరే దారి పట్టాడు. గోల్ కొట్టడమే కాదు, అవతలివాళ్లని ఆపడం కూడా నీ పనే అని ఐజర్‌మన్‌తో ఆడించాడు. లెక్కల్లో అతను కిందికి దిగాడు. 1996-97 సీజన్‌లో 85 పాయింట్లు మాత్రమే. ఒకప్పటి 155తో పోలిస్తే సగానికి కాస్త పైన. ఆ ఏడాదే, 42 ఏళ్ల తర్వాత, డెట్రాయిట్‌కి కప్ వచ్చింది. 1998లో మళ్లీ వచ్చింది, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడిగా ఐజర్‌మన్ కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు. 2002లో మోకాలు పాడైపోయి కూడా ఆడి మూడోసారి కప్ ఎత్తాడు.

అంటే డెట్రాయిట్ విమర్శని పక్కన పడేయలేదు. ఆటని మార్చింది, మనిషిని ఉంచింది. ఈ తేడా ముఖ్యం.

కొందరికి గోల్స్ వచ్చినా నింద తప్పదండీ. కాయలున్న చెట్టుకే రాళ్లు అంటారు కదా. వాషింగ్టన్ స్టార్ ఒవెచ్కిన్ 2009లో పిట్స్‌బర్గ్ మీద ఏడు మ్యాచుల్లో ఎనిమిది గోల్స్ కొట్టాడు. జట్టు ఓడింది. అప్పట్నించీ ఏళ్ల తరబడి రెండో రౌండ్ దాటలేకపోయింది, ఆ మచ్చ అతనికే అంటుకుంది. వాషింగ్టన్ ఓపిక పట్టింది. 2018లో 15 గోల్స్, కప్, కాన్ స్మైత్, మూడూ వచ్చాయి.

ఈ మధ్య కాలంలో ఈ గొడవంతా టొరాంటోది. 2021లో ఆస్టన్ మ్యాథ్యూస్ 52 మ్యాచుల్లో 41 గోల్స్‌తో లీగ్‌లో మొదటివాడు. ప్లేఆఫ్స్‌లో మాంట్రియల్ మీద ఏడు మ్యాచుల్లో ఒక్క గోల్. అతని పక్కన ఆడే మిచ్ మార్నర్‌కి సున్నా. 3-1 ఆధిక్యంలో ఉండి ఓడారు. అక్కడ కూడా చూడండి. జాన్ టవారెస్ మొదటి మ్యాచ్‌లోనే తలకి దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద వెళ్లిపోయాడు. అవతల గోల్‌లో కేరీ ప్రైస్. ఫిలిప్ డనో లైన్ ప్రతి రాత్రీ మ్యాథ్యూస్ ఎదురుగానే. ఆ మాంట్రియలే తర్వాత ఫైనల్ దాకా వెళ్లింది. కానీ ఊళ్లో మిగిలింది ఒకటే మాట, స్టార్లు ఆడలేదు అని.

అభిమానుల కోపంలో న్యాయం లేదని నేను అనను. లీగ్‌లో జట్టు జీతాలకి పరిమితి ఉంది. టొరాంటోలో ఆ పరిమితిలో దాదాపు సగం నలుగురు ఫార్వర్డ్‌లకే పోయేది. 1967 నుంచి కప్ లేని ఊరు. అడగకుండా ఎలా ఉంటారు? ఏళ్ల తరబడి అదే జరిగితే ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. చివరికి 2025 వేసవిలో మార్నర్ వేగస్‌కి వెళ్లిపోయాడు.

అడగండి. కానీ సరైన ప్రశ్న అడగండి. గోల్ రాకపోయినా షాట్లు కొడుతున్నాడా? అతను మంచు మీద ఉన్నప్పుడు ఆట ఎవరి వైపు నడుస్తోంది? ఒంట్లో గాయం ఉందా? ప్లేఆఫ్స్‌లో గాయం బయటపెడితే అవతలివాళ్లు అక్కడే కొడతారని జట్లు దాచిపెడతాయి, అది గుర్తుంచుకోండి. ఈ ప్రశ్నలకి జవాబులు బాగుంటే గోల్ రావడానికి కొంచెం టైం పడుతుంది, అంతే. బాగా లేకపోతే అప్పుడు బౌమన్‌లా ఆట మార్చండి.

థార్న్‌టన్ 2025లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. కెరీర్‌లో 1,539 పాయింట్లు. అందులో 2004 ప్లేఆఫ్స్‌వి ఒక్కటీ లేవు. ఆ ఏడు మ్యాచులు చూసి అతన్ని వదులుకున్న ఊరికి, మిగతా వెయ్యి పైచిలుకు పాయింట్లు దక్కలేదు.

మీ అభిమాన ఆటగాడు ఎవరైనా ఇలా మాటలు పడి, తర్వాత నిలబడ్డ కథ ఉంటే రాయండి, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.