భారతదేశంలో బాల నేరస్తుల నిర్బంధ కాల నిర్ణయం

నేరం చేసినట్లు తేలిన 18 ఏళ్లలోపు పిల్లలను ఎంతకాలం నిర్బంధంలో ఉంచవచ్చో భారతదేశంలో జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 నిర్దేశిస్తోంది. వయసును బట్టి గడువు పెట్టాలా, నేర తీవ్రతను బట్టా అన్న ప్రశ్నకు కాలానుగుణంగా వేర్వేరు సమాధానాలు వచ్చాయి.

వలస పాలనలో

1876 నాటి రిఫార్మేటరీ స్కూళ్ల చట్టం స్థానంలో 1897లో కొత్త చట్టం వచ్చింది. శిక్ష పడిన 15 ఏళ్లలోపు బాలుణ్ణి జైలుకు బదులు సంస్కరణ పాఠశాలలో 3 నుంచి 7 ఏళ్లు ఉంచవచ్చు. 18 నిండాక ఉంచరాదు. 1919–20 నాటి జైళ్ల కమిటీ నేపథ్యంలో తొలి బాలల చట్టం 1920లో మద్రాసు ప్రెసిడెన్సీలో వెలువడింది. కోస్తాంధ్ర, రాయలసీమ అప్పుడు అందులోనివే. బెంగాల్ 1922లో, బొంబాయి 1924లో అదే బాట పట్టాయి.

కనీసం నుంచి గరిష్ఠానికి

1986 జువెనైల్ జస్టిస్ చట్టం బాలురకు 16, బాలికలకు 18 ఏళ్ల హద్దు పెట్టింది. 14 దాటిన బాలుణ్ణి, 16 దాటిన బాలికను ప్రత్యేక గృహానికి పంపితే కనీసం 3 ఏళ్లు, అంతకన్నా చిన్నవారిని ఆ హద్దు చేరేదాకా ఉంచాలి. దీంతో 10 ఏళ్ల బాలుడి గడువు 15 ఏళ్లవాడి గడువుకు రెట్టింపయ్యే అవకాశం ఏర్పడింది. తగ్గించే అధికారం మాత్రం కోర్టుకు ఉండేది. 2000 చట్టం ఇద్దరికీ 18 ఏళ్ల హద్దు పెట్టగా, 2006 సవరణ నిర్బంధాన్ని గరిష్ఠంగా 3 ఏళ్లకు పరిమితం చేసింది.

2015 చట్టం

2012 డిసెంబరు నాటి ఢిల్లీ సామూహిక అత్యాచారం కేసులో మైనరైన నిందితుడికి 3 ఏళ్లే పడటంతో దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. 2016 జనవరి 15న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 3 ఏళ్ల పరిమితి సాధారణ నియమంగా నిలిచింది. నేర స్వభావం, సామాజిక విచారణ నివేదికలో వెల్లడైన పరిస్థితులు, గత ప్రవర్తన చూసి జువెనైల్ జస్టిస్ బోర్డు ఉత్తర్వు ఇస్తుంది. మందలింపు, సమాజ సేవ, ప్రొబేషన్ వంటివీ దాని చేతిలో ఉన్నాయి.

కనీస శిక్ష 7 ఏళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఘోర నేరాల్లో, 16 నిండిన వారి మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని బోర్డు అంచనా వేస్తుంది. అవసరమనుకుంటే కేసును బాలల న్యాయస్థానానికి పంపుతుంది. అక్కడ పెద్దలతో సమానంగా విచారించి 3 ఏళ్లకు మించి కూడా శిక్ష వేయవచ్చు. మరణశిక్ష, విడుదలకు వీల్లేని యావజ్జీవం మాత్రం నిషిద్ధం. కనీస శిక్ష నిర్దేశించని నేరాలు ఘోర నేరాల కిందికి రావని 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇలా శిక్ష పడినవారు 21 ఏళ్ల వరకు సురక్షిత స్థలంలోనే ఉంటారు. శిక్ష మిగిలి ఉంటే, అప్పుడు వారిలో వచ్చిన మార్పును న్యాయస్థానం మళ్లీ అంచనా వేసి షరతులతో విడుదల చేస్తుంది, లేదా మిగిలిన కాలానికి జైలుకు పంపుతుంది.