ఏడాది పండుగలు – వాని పుట్టుపూర్వోత్తరములు



పండుగ ఎప్పుడని అడిగినవానికి పంచాంగము బదులు చెప్పును. పండుగ ఎందుకని అడిగినవానికి ఊరి పెద్ద బదులు చెప్పవలెను. ఈ రెండవ ప్రశ్నకు బదులు చెప్పగలవారు నానాటికి తగ్గుచున్నారు. కావున నేటి ప్రసంగమున తిథులను గూర్చి కొంచెముగను, వాని వెనుకనున్న చరిత్రను గూర్చి విస్తారముగను మనవి చేసెదను. ఇందులకు దృష్టాంతముగా దూరదేశముల నెంచక, సికింద్రాబాదునకు ఈశాన్యముననున్న కాప్రాను గ్రహించుచున్నాను. ఆ ప్రాంతమున చిరకాలము బడిపంతులుగా నుండి, పెక్కు తరముల పిల్లలచేత పండుగల పట్టికలు వ్రాయించినవాడను గనుక, ఈ విషయము నాకు పరిచితమైనది.

వెనుకటి కాప్రా చిన్న పల్లె. ఊరికొక చెఱువు, చెఱువు నీటిపై నాధారపడిన పొలములు. దక్షిణమున మౌలాలి కొండ. పడమట సికింద్రాబాదు లష్కరు. శిస్తు వసూలు చేయుటకు నిజాము ప్రభుత్వపు కచ్చేరి. ఈ నాలుగును నాలుగు విధములుగా కాలమును లెక్కించెడివి. చెఱువుది ఒక లెక్క, కచ్చేరిది ఒక లెక్క, కొండది ఒక లెక్క, లష్కరుది ఒక లెక్క. మన యేడాది పండుగలన్నియు ఈ నాలుగు లెక్కలలో నుండి వచ్చినవే.

మొదట చెఱువు లెక్క. ఇది మన పంచాంగము. పండ్రెండు చాంద్రమాసములు కలిసిన సుమారు 354 దినములు. సూర్యుని యేడాది 365 దినములకు పైచిలుకు. ఏటేట పదునొకండు దినముల వెలితి. ఈ వెలితిని సరిదిద్దక విడిచినచో ఉగాది వానకాలమున పడును, దీపావళి ఎండకాలమున పడును. అట్లు కాకుండుటకే మన పూర్వులు సుమారు ముప్పది రెండు, ముప్పది మూడు నెలల కొకమాఱు అధికమాసమును చేర్చిరి. పందొమ్మిది యేండ్లలో ఏడు అధికమాసములు వచ్చును. 2023లో శ్రావణము అధికమయ్యెను. 2026లో జ్యేష్ఠమునకు అధికము. అధికమాసమున శుభకార్యములు లేవని విసుగుకొనువారు గలరు గాని, ఆ మాసమే లేకున్న మన పండుగ ఋతువును విడిచి పాఱిపోవునని తెలియవలెను.

ఋతువుతో ముడిపడినది గనుకనే ఉగాదినాడు వేపపూత దొరకును, మామిడిపిందె దొరకును. జ్యేష్ఠమున ఏరువాక పున్నమినాడు కాడి కట్టుదురు. ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు జొన్నపేలాలు బెల్లముతో దంచిన పేలాల పిండి తెలంగాణపు ప్రతి యింట కనబడును. కామదహనము ఫాల్గుణ పున్నమికి, అనగా చలి తీఱునప్పటికి వచ్చును. సంక్రాంతి యొక్కటి సూర్యగమనము ననుసరించునది గనుక ఇంగ్లీషు తేదీలలో ఇంచుమించుగ ఒక్క చోటనే నిలుచును. అదియు డెబ్బది యేండ్లకు పైబడి ఒక్కొక్క దినము ముందునకు జరుగుచున్నది. ఇట్లు చెఱువు లెక్క సేద్యగాని లెక్క.

ఇక కచ్చేరి లెక్క. దీనిని ఫసలీ యందురు. ఫసల్ అనగా పంట. హిజ్రీ సంవత్సరము సూర్యుని యేడాదికంటె పొట్టిది గనుక, ఆ లెక్కనే శిస్తు వసూలు చేసిన పంట చేతికి రాకమునుపే పన్ను కట్టవలసి వచ్చును. రైతు ఎక్కడనుండి తెచ్చును? అందుచేత అక్బరు పాదుషా కాలమున పంటల ననుసరించిన ఈ సంవత్సరము ఏర్పడినది. హైదరాబాదు రాజ్యమున ఇది అక్టోబరు నెల తొలి వారమున ఆరంభమగుచుండెడిది. ఆజరు, దై, బహమన్, ఇస్ఫందారు అను పారశీక మాసనామములు పట్వారీ కాగితములలో నుండెడివి. ఫసలీకి 590 కలిపిన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరునాటికి 1357 ఫసలీ ముగియవచ్చినది. ఆ లెక్కకు పండుగలు లేవు. కాని పండుగ చేసికొనుటకు గాదెలో గింజ మిగులునా మిగులదా యని నిర్ణయించినది ఆ లెక్కయే. పాత భూమి కాగితము ఏ యింటనైన నున్నచో, అందలి ఫసలీ సంఖ్యను పిల్లలకు చూపుడు. అదియు చరిత్రయే.

మూడవది కొండ లెక్క. మౌలాలి కొండను గూర్చి యొక ప్రతీతి కలదు. 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, యాకూత్ అను రాజోద్యోగికి స్వప్నమున హజ్రత్ అలీ ఆ కొండపై కూర్చున్నట్లు కనబడెననియు, మఱునాడు వెదకగా ఒక రాతిపై చేతిగుఱుతు కనబడెననియు, అక్కడనే దర్గా వెలసెననియు చెప్పుదురు. రజబు మాసము పదునేడవ నాడు అక్కడ ఉత్సవము. అసఫ్‌జాహీల కాలమున ఆ యుత్సవము రాజధానికంతకు ప్రసిద్ధమయ్యెను. ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి చందా (1768–1824) సమాధి ఆ కొండ పాదముననే కలదు.

ఈ హిజ్రీ లెక్కలో అధికమాసము లేదు. అందుచేత మొహర్రము గాని రంజాను గాని సుమారు ముప్పది మూడేండ్లలో ఋతువులన్నింటిని చుట్టివచ్చును. 1990లో మొహర్రము పదియవ నాడు ఆగస్టులో పడెను. 2006లో ఫిబ్రవరికి జరిగెను. 2022లో తిరిగి ఆగస్టునకు వచ్చెను. తెలంగాణపు పల్లెలలో దీనినే పీర్ల పండుగ యందురు. పీరు నెత్తువారిలోను, అలావా చుట్టు తిరుగువారిలోను అన్ని కులములవారు, ఉభయ మతములవారు నుండుట మనమెఱిగినదే. ఒక పండుగ ఋతువును పట్టుకొని యుండును. మఱియొకటి ఋతువులన్నింటి మీదుగా నడచును. ఇవి రెండును ఒక్క ఊరిలో కలిసియుండుటకు ఏ శాస్త్రగ్రంథమును అడ్డు రాలేదు.

నాలుగవది లష్కరు లెక్క. 1798లో నిజాము ఇంగ్లీషువారితో చేసికొనిన సైన్యసహకారపు ఒడంబడిక ననుసరించి వారి సేనలు హుసేనుసాగరునకు ఉత్తరమున విడిసినవి. ఆ విడిదికి 1806లో సికందర్‌జా పేరున సికింద్రాబాదని నామకరణమయ్యెను. సేనతో ఇంగ్లీషు తేదీలు వచ్చినవి, ఆదివారపు సెలవు వచ్చినది, క్రిస్మసు వచ్చినది. సికింద్రాబాదులోని సెయింట్ జాన్సు చర్చి 1813 నాటిది.

ఆ 1813వ సంవత్సరముననే మఱియొక కథయు ఆరంభమయ్యెను. ఆ యేట ఈ జంటనగరములలో మహమ్మారి పుట్టి పెక్కుమంది ప్రాణములు తీసినది. సురిటి అప్పయ్య యను దండు డోలీబోయీ అప్పుడు తన పటాలముతో ఉజ్జయినిలో నుండెను. తనవారి గతి యేమగునో యని తల్లడిల్లి, అక్కడి మహాకాళికి మ్రొక్కుకొనెననియు, ఉపద్రవము తగ్గిన వెనుక తిరిగివచ్చి 1815లో సికింద్రాబాదున దారువిగ్రహమును ప్రతిష్ఠించెననియు ఆలయచరిత్రము చెప్పుచున్నది. నేడు లష్కరు బోనాలని పేరుపొందిన ఉత్సవము ఆ మ్రొక్కుబడి నాశ్రయించినదే. ఆషాఢమున గోలకొండలో మొదలై, లష్కరునకు వచ్చి, పిమ్మట పాతనగరపు లాల్‌దర్వాజాకు చేరు ఈ బోనముల వరుసను మీరెఱుగుదురు. పసుపు పూసి వేపమండలు కట్టిన ఘటము, అందు అన్నము, బెల్లము, పెఱుగు. మఱునాడు పచ్చికుండపై నిలిచిన స్త్రీ చెప్పు రంగము. దీనిని స్థాపించినవాడు రాజు గాడు, పండితుడు గాడు. డోలీ మోసిన కూలి. ఇది మఱవరాని మాట.

బోనము ఆషాఢముననే యేల యని విచారింపుడు. తొలివానల నీరు ఊరిలోని మాలిన్యమునంతయు తెచ్చి బావులలో, కుంటలలో కలుపును. కలరా పుట్టుటకు అదియే తఱి. ఆ వ్యాధి నీటిద్వారా వ్యాపించునని లండనునగరమున జాన్ స్నో యను వైద్యుడు 1854లో ఒక వీథిలోని నీటిపంపును సాక్ష్యముగా చూపెను. అంతకు పూర్వము కారణము తెలియని జనులు తల్లికి మొఱపెట్టుకొనిరి. కారణము తెలిసిన వెనుక మొఱ వ్యర్థమని నేననను. కాని మ్రొక్కు చెల్లించి బావిని బాగుచేయనివాడు పండుగలో సగమే చేసినవాడందును.

నీటిని గూర్చిన మఱియొక దినము కూడ ఈ లష్కరు ప్రాంతముననే పుట్టినది. 1897 ఆగస్టు 20వ నాడు రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు సికింద్రాబాదున, బేగంపేటలో పనిచేయుచు, దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమాన మొసగబడెను. ఏటేట ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగా లోకమంతట పాటించుచున్నారు. మన పొరుగున పుట్టిన దినమును మన పిల్లలు ఎఱుగకుండుట తగునా? ఆనాడు బడి వెనుక నిలిచిన నీటిగుంటను పిల్లలచే పూడ్పించిన, అంతకుమించిన ఆచరణము వేఱు లేదు.

పండుగలన్నియు అనాదియని తలచుటయు, క్రొత్తవన్నియు కల్పితములని త్రోసివేయుటయు రెండును పొరపాట్లే. వినాయక చవితి పురాతనమైనది. కాని వీథిపందిటిలో పదిమందిని కూర్చి చేయు గణేశోత్సవమునకు 1893లో పుణ్యపట్టణమున లోకమాన్య తిలకు ఊతమిచ్చెను. పరప్రభుత్వము నెదుట జనులను ఒక్కచోట చేర్చుటయే ఆయన యుద్దేశము. తిథి పాతదే, అక్కఱ క్రొత్తది. అక్కఱ కలిగినప్పుడు జనులు పాత తిథికి క్రొత్త బలము నిత్తురు.

నేను గురుముఖమున ధర్మశాస్త్రనిబంధములు చదివినవాడను. 1612లో కమలాకరభట్టు రచించిన నిర్ణయసింధువు, తరువాతి ధర్మసింధువు – వీనిలో ఏకాదశి యెప్పుడు, శ్రాద్ధమెప్పుడు, రెండు దినములు తిథి వ్యాపించిన ఏది గ్రాహ్యము అను విచారణ సూక్ష్మాతిసూక్ష్మముగా కలదు. వానియందు బోనము లేదు, బతుకమ్మ లేదు. ఈ రెండును మనకు గ్రంథముల వలన రాలేదు. అమ్మమ్మల వలన, నాయనమ్మల వలన వచ్చినవి. గ్రంథమున నున్నది అచ్చులో నిలుచును. నోట నున్నది నోరు మూతపడినంతనే పోవును. అందుకే పెద్దలతో ఇంత నొక్కి చెప్పుచున్నాను.

బతుకమ్మను చూడుడు. భాద్రపద అమావాస్యనాడు, అనగా పెత్రమాసనాడు, ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజ శుద్ధాష్టమినాడు సద్దులతో ముగియు తొమ్మిది దినముల పండుగ. వానలు వెనుకబట్టి చెఱువు నిండియుండు వేళ. గుడిలోని మందారము దీనికి అక్కఱలేదు. బీటిలో మొలచిన తంగేడు, చేనిగట్టున పూచిన గునుగు, పెరటి గుమ్మడిపూవు కావలెను. పేర్చిన పూలను చివరకు సాగనంపునది చెఱువులోనికే. అనగా ఈ పండుగకు మూడు కావలెను: పడావు నేల, నిండిన చెఱువు, దాని నెఱిగిన ఆడుబిడ్డలు.

కాప్రా చుట్టుపట్ల ఈ మూడింటిలో మొదటిది ఇంచుమించు పోయినది. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపితమైన పిమ్మట ఉద్యోగుల నివాసములు పెరిగినవి, పొలములు ప్లాట్లయినవి, 2007లో కాప్రా పురపాలకసంఘము హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమయ్యెను. తంగేడు నేడు అంగడిలో కొనవలసిన పూవు. రెండవది యగు చెఱువు నిలిచియున్నది. కాని దానిలోనికి మురుగు చేరుటయు, గుఱ్ఱపుడెక్క కమ్ముకొనుటయు చూచినదే. బతుకమ్మ పూలు నీటిని శుద్ధిచేయునని కొందఱందురు. ఏడాది పొడవునను మురుగు వదలి, తొమ్మిది దినముల పూలపై ఆ భారమును మోపుట న్యాయము గాదు.

ప్రభుత్వములకును పండుగల విలువ తెలియును. స్వాతంత్ర్యము వచ్చిన వెనుక దేశమందలి బహువిధ పంచాంగములను సమన్వయించుటకై 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడి, 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడగానే బోనాలు, బతుకమ్మ రాష్ట్రపు పండుగలుగా ప్రకటింపబడినవి. 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు – కాప్రా యున్న మేడ్చల్ జిల్లా వానిలో నొకటి – అందులకు ఎంచుకొనిన దినము విజయదశమి. జమ్మి యాకును బంగారమని పంచుకొను దినమే ప్రారంభమునకు శుభమని అధికారులును తలచిరి. కాని ప్రభుత్వము సెలవు నీయగలదు, పండుగ నీయజాలదు. సెలవునకు తేదీ చాలును. పండుగకు తేదీతోపాటు హేతువు కావలెను. హేతువు మఱచిన పండుగ కొన్నాళ్లకు సెలవుగా మిగులును. మఱికొన్నాళ్లకు నిద్రగా మిగులును.

బడిలో పండుగల పట్టిక వ్రాయించునప్పుడు నేను ప్రతి పండుగ కెదురుగా మూడు గడులు గీయించెడివాడను. ఇది ఏ లెక్కది? ఏ అక్కఱకు పుట్టినది? ఆ అక్కఱ నేడున్నదా? మొదటి గడి పిల్లలు పంచాంగము చూచి నింపెడివారు. మూడవ గడి తామే యోచించి నింపెడివారు. రెండవ గడికి మాత్రము ఇంటికి పోయి తాతనో అవ్వనో అడుగక తప్పెడిది కాదు. ఆ రెండవ గడి మీది, పెద్దలారా! మీ మనుమడు అడిగినను అడుగకున్నను దానిని నింపి పోవుట మీ ధర్మము. పీరు ఎత్తిన వారెవరో, మొదట బోనమెత్తిన యిల్లేదో, చెఱువు ఏ యేట అలుగు పాఱెనో చెప్పుడు. అక్షరము వచ్చిన పిల్లవానిచే వ్రాయించి దాచుడు.

రానున్న పెత్రమాసకు మీ యింటి పిల్లను చెఱువు గట్టునకు తోడ్కొనిపొండు. తంగేడేదో గునుగేదో చూపి, నీరెట్లున్నదో చూడుమని చెప్పుడు. నీరు బాగుండకున్న ఆ బిడ్డ ఎందుకని అడుగును. అప్పుడు మీరిచ్చు సమాధానమే ఆ యేటి పండుగ.