జుజ్‌బందీ నుంచి పీఎస్‌బుక్ దాకా: సఫాల తర్తీబు కథ

మన ఇళ్లలో జుజ్ అంటే ఖురాన్ షరీఫ్‌లోని 30 భాగాల్లో ఒకటి. పిల్లలకు అది పారా. అదే మాటకు పాత ఛాపాఖానాల్లో ఇంకో అర్థం ఉంది. పెద్ద కాగితం మీద ముందూ వెనకా అచ్చువేసి మడిస్తే వచ్చే 16 సఫాల కట్టను ఉర్దూ అచ్చువాళ్లు జుజ్ అన్నారు. ఆ కట్టలను వరసగా పేర్చి దారంతో కుట్టడం జుజ్‌బందీ. మన తెలుగు ప్రెస్సులవాళ్లు దాన్నే ఫారం అంటారు.

ఈ జుజ్ లోపల ఒక చిక్కు ఉంది. మడత విప్పి కాగితాన్ని పరిచి చూడండి. ఒకవైపు 1, 4, 5, 8, 9, 12, 13, 16 సఫాలు కనిపిస్తాయి. రెండోవైపు మిగతావి. కొన్ని తలకిందులుగా కూడా ఉంటాయి. మడిస్తే మాత్రం అన్నీ బుద్ధిగా వరసలో నిలబడతాయి. దీనికి ఒక హిసాబు ఉంది: మడత దగ్గర పక్కపక్కన పడే రెండు సఫాల నంబర్లు కూడితే ఎప్పుడూ 17. ఒకటి పక్కన పదహారు, ఎనిమిది పక్కన తొమ్మిది. తాటాకు పుస్తకానికి ఈ బాధ లేదు. ఏ ఆకు ఆ ఆకే, చిల్లుల్లోంచి తాడు దూరిస్తే సరి. మడత వచ్చాకే తర్తీబు సమస్య వచ్చింది.

చేతిరాత కితాబుల కాలంలో దీనికి కాతిబులు ఒక ముచ్చటైన ఉపాయం పెట్టుకున్నారు. కుడివైపు సఫా అడుగున, ఎడమ మూలలో, తర్వాతి సఫా మొదలయ్యే మాటను చిన్నగా రాసేవారు. దాన్ని తర్క్ అంటారు, రికాబ్ అని కూడా అంటారు. గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే రికాబే ఇది. సఫా నంబర్లు లేకపోయినా, జిల్ద్‌సాజ్ చేతిలో వరఖులు కలిసిపోయినా, ఆ ఒక్క మాట పట్టుకుని కితాబును మళ్లీ వరసలో పెట్టుకునేవారు.

తర్వాత రాతి అచ్చు వచ్చింది. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ కనిపెట్టిన ఈ పద్ధతిని ఉర్దూ ప్రపంచం గుండెకు హత్తుకుంది. నస్తాలీఖ్ లిపి వాలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి నడుస్తుంది. సీసపు అక్షరాల్లో అది అంత తేలిగ్గా కుదరదు. రాతి అచ్చులో కాతిబ్ పూతపూసిన పచ్చ కాగితం మీద మామూలుగా రాస్తే చాలు. దాన్ని రాతి మీద నొక్కితే అక్షరాలు తిరగబడతాయి, రాతి మీంచి అచ్చువేస్తే మళ్లీ సుల్టా అవుతాయి. 1858లో లక్నోలో మొదలైన మున్షీ నవల్ కిశోర్ మత్బా ఈ పద్ధతిలోనే వేల కితాబులు ఇళ్లకు చేర్చింది. రాతి మీద తప్పుంటే దిద్దడానికి సంగ్‌సాజ్ అనే పనివాడు వేరే ఉండేవాడు. అతను ఉర్దూను అద్దంలో చూసినట్టు తిరగేసి రాయగలిగేవాడు. నా దృష్టిలో మొత్తం ఛాపాఖానాలో అసలు ఉస్తాద్ అతనే.

మన రామచంద్రపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1927లో, అదే మద్రాసులో ‘ది ముసల్మాన్’ అనే ఉర్దూ దినపత్రిక పుట్టింది. లోపలంతా చేతిరాత ఉర్దూ. నాలుగే సఫాలు. 21వ శతాబ్దంలో కూడా కాతిబులు కలంతో రాస్తూ వచ్చారు. తర్తీబు విషయంలో ఇంతకంటే తేలిక పాఠం ఉండదు: ఒక కాగితం, ఒక మడత. బయటివైపు ఒకటి, నాలుగు. లోపలివైపు రెండు, మూడు. కానీ గమనించండి, బయటివైపు పరిచినప్పుడు ఒకటో సఫా ఎడమన, నాలుగోది కుడిన ఉంటుంది. తెలుగు పత్రికను పరిస్తే నాలుగు ఎడమన, ఒకటి కుడిన. లిపి మారితే కాగితం మొత్తం తిరగబడుతుంది.

ఇక కంప్యూటరు. అడోబీ 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ తెచ్చింది. 1990ల మొదట్లో ఆంగస్ డగ్గన్ అనే ఆయన పీఎస్‌యుటిల్స్ అనే పరికరాల కట్ట రాశారు. అందులో పీఎస్‌బుక్ ఒకటి. బొమ్మలు, బటన్లు లేవు. నల్లటి తెర మీద ఒక్క లైను టైపు చేస్తే సఫాలన్నీ జుజ్ వరసలోకి మారతాయి. ఎనిమిది సఫాల ఫైలు ఇస్తే 8, 1, 2, 7, 6, 3, 4, 5 అని పేర్చి ఇస్తుంది. సఫాలు నాలుగు చొప్పున సరిపోకపోతే తనే ఖాళీవి కలుపుతుంది. తర్వాత పీడీఎఫ్ కాలంలో సిడ్ స్టీవార్డ్ పీడీఎఫ్‌టీకే చేశారు. అందులో మనకు కావలసిన వరస మనమే టైపు చేయవచ్చు.

ఈ పరికరాలు మనలాంటివాళ్లకు పనికొచ్చే కారణం ఒకటుంది. సఫాలో ఏ అక్షరం ఉందో వీటికి పట్టదు. నస్తాలీఖ్ అయినా, తెలుగు ఒత్తులైనా, అరబీ మీద జబర్ జేర్ పేష్ అయినా, సీలు వేసిన కవరును మోసినట్టు సఫాను సఫాగా మోస్తాయి. ఫాంటు చెదరదు, ఒక్క నుఖ్తా జారదు. ఆయతులున్న కాగితం విషయంలో ఇది చిన్న నిశ్చింత కాదు.

అయితే వీటిని రాసినవాళ్లు ఎడమనుంచి కుడికి చదివేవాళ్లు. ఏమీ చెప్పకపోతే పుస్తకం ఎడమవైపు కుట్టుకుంటుందనే అనుకుంటాయి. ఉర్దూ దువాల కితాబును పీఎస్‌బుక్‌కు అలాగే ఇస్తే చివరి సఫా మొదట తెరుచుకుంటుంది. మందు తేలికే: ప్రతి జతనూ తిప్పాలి. 1, 8, 7, 2, 3, 6, 5, 4 అని పీడీఎఫ్‌టీకేకి చెబితే కుడివైపు కుట్టే కితాబు వస్తుంది. లేటెక్ వాడేవాళ్ల కోసం ఆండ్రియాస్ మథియాస్ చేసిన పీడీఎఫ్‌పేజెస్‌లో కుడి కుట్టుకు ప్రత్యేకంగా ఒక ఆప్షన్ పెట్టారు. సిగ్నేచర్ అనే మాట పక్కన ఒక నక్షత్రం గుర్తు, అంతే.

మన తకరారు ఇంకొంచెం ముదిరింది. అరబీ దువా, దాని ఉచ్చారణ తెలుగు అక్షరాల్లో, కింద తెలుగు మానీ, ఇదీ మన ఇళ్లలో తిరిగే కితాబు. ఇది ఎటు తెరుచుకోవాలి? అరబీ ప్రధానమైతే కుడివైపు, తెలుగు ప్రధానమైతే ఎడమవైపు అంటాను. రామచంద్రపురంలో గానీ, పక్కనే ద్రాక్షారామం దర్గాకు వచ్చేవాళ్లలో గానీ, ఉర్దూ మాట్లాడుతూ తెలుగులో మాత్రమే చదవగలిగే కుటుంబాలు తక్కువ కాదు. వాళ్ల పిల్లల చేయి అలవాటుగా ఎడమ అట్టనే తెరుస్తుంది. అరబీ ఉంది కాబట్టి కుడివైపే కుట్టాలని పట్టుబట్టే బుజుర్గులతో నాకు ఇత్తిఫాఖ్ లేదు. సఫా మీద అరబీ లైను కుడినుంచే నడుస్తుంది, దాని అదబ్‌కు ఏ లోటూ రాదు.

అదబ్‌కు లోటు నిజంగా వచ్చేది జిరాక్స్ దుకాణంలో. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి రెండు సఫాలు వేసేటప్పుడు, మిషనులో పొట్టి అంచు మీద తిప్పమని ఎంచుకోవాలి. పొడుగు అంచు ఉంటే వెనకవైపు తలకిందులుగా పడుతుంది. వంద కాపీలు అలా పడితే డబ్బు పోవడం ఒక ఎత్తు. ఆయతులున్న ఆ వంద కాపీల కాగితాలను చెత్తబుట్టలో వేయలేం. మసీదులో పాత వరఖుల డబ్బాలో చేర్చాలి, లేదా కాళ్లు పడని చోట దఫన్ చేయాలి, లేదా పారే నీళ్లలో వదలాలి.

అందుకని ముందు తెల్ల కాగితాలతో డమ్మీ చేయండి. ఎనిమిది సఫాలకు రెండు కాగితాలు చాలు. ఒకదానిలో ఒకటి దూర్చి మడిచి, పెన్సిలుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసి విప్పండి. ఏ నంబరు పక్కన ఏది పడిందో అదే కంప్యూటరుకు చెప్పాల్సిన వరస. తర్వాత నంబర్లు మాత్రమే ఉన్న ఒక ఫైలును ఆ వరసలో పేర్చి మిషను మీద ఒక్క కాపీ తీయించండి. అది సరిగ్గా మడతపడ్డాకే దువాల ఫైలు ఇవ్వండి.