హతసాక్షులు: చరిత్ర చెప్పే సాక్ష్యం

తెలుగులో ‘హతసాక్షి’ అనే మాట ఎంతో అర్థవంతమైనది. గ్రీకు భాషలో ‘మార్టిస్’ అంటే సాక్షి అని మాత్రమే అర్థం. నమ్మిన దానికి సాక్ష్యం పలికి, ఆ సాక్ష్యం కోసం ప్రాణాలు అర్పించిన వారికి క్రమంగా ఆ పదమే పేరుగా స్థిరపడింది. తెలుగువారు దానికి ముందు ‘హత’ శబ్దాన్ని చేర్చారు గాని, ‘సాక్షి’ని విడువలేదు. మరణం కన్న సాక్ష్యమే ప్రధానమని ఈ మాట మనకు బోధిస్తున్నది.

రోమన్ సామ్రాజ్యంలో తొలి మూడు శతాబ్దాలలో క్రైస్తవులపై హింస ఎడతెగక సాగలేదు. ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క ప్రాంతంలో అది చెలరేగి చల్లారుతూ వచ్చింది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖ నేటికీ లభ్యమవుతున్నది. నిందితులను మూడుసార్లు ప్రశ్నించేవాడననీ, క్రైస్తవులము కామని చెప్పి దేవతలకూ చక్రవర్తి ప్రతిమకూ ధూపం సమర్పించిన వారిని విడిచిపెట్టేవాడననీ, పట్టు వదలని వారికి మరణశిక్ష విధించేవాడననీ అందులో తెలిపాడు. ఇది విశ్వాసులు రాసుకున్న స్తుతి కాదు, శిక్షించిన అధికారి ఇచ్చిన వాఙ్మూలం. చిటికెడు ధూపంతో దక్కే ప్రాణాన్ని కొందరు ఆ విధంగా దక్కించుకోవడానికి నిరాకరించారని ప్రత్యర్థే మనకు చెబుతున్నాడు.

క్రీ.శ. 155 ప్రాంతంలో స్ముర్న నగరంలో వృద్ధ బిషప్ పోలికార్పును బంధించినపుడు, వయస్సును తలచుకొని క్రీస్తును దూషించి బయటపడమని అధికారి నచ్చజెప్పాడు. ఎనభై ఆరేళ్లు సేవించిన ప్రభువును ఎట్లా దూషించగలనని ఆ వృద్ధుడు బదులిచ్చాడని వృత్తాంతం. క్రీ.శ. 203లో కార్తేజి నగరంలో పెర్పెతువా అనే ఇరవై రెండేళ్ల యువతి చంటిబిడ్డతో చెరసాల పాలైంది. తల నెరసిన తండ్రి వచ్చి ప్రాధేయపడినా ఆమె మాట మార్చలేదు. చెరసాలలో ఆమె స్వయంగా రాసుకున్న అనుభవాలు మనకు దక్కాయి. ఫెలిసిటాస్ అనే బానిస స్త్రీ అదే చెరలో ప్రసవించి, ఆమెతోపాటే మరణించింది. యజమానురాలి వర్గానికి చెందిన స్త్రీనీ, బానిసనూ మరణం పక్కపక్కన నిలబెట్టింది.

అందరూ ఇట్లా నిలబడలేదు. క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి ప్రజలందరూ బలి అర్పించి ధ్రువపత్రం పొందాలని శాసించాడు. అట్టి పత్రాలు ఈజిప్టులో దొరికాయి. భయంతో లొంగినవారు అనేకులు. వారిని తిరిగి చేర్చుకోవాలా, వద్దా అని సంఘం చాలాకాలం తర్జనభర్జన పడి, పశ్చాత్తాపానికి ద్వారం తెరిచింది. 303లో డయోక్లీషియన్ ఆరంభించిన ఘోర హింస ముగిసి, 313 నాటికి మతస్వేచ్ఛ లభించింది. ఆ శతాబ్దం ముగియకముందే అదే మతం రాజమతమై ఇతరుల ఆరాధనలను నిషేధించింది. పీడితులు పీడ మరచిన ఈ ఘట్టాన్ని కూడా విద్యార్థులు చదవాలి.

మన చెన్నైకి ఈ చరిత్రతో సన్నిహిత సంబంధం ఉన్నది. అపొస్తలుడైన తోమా పరంగిమలైపై క్రీ.శ. 72లో ఈటెపోటుకు బలయ్యాడనీ, మైలాపూరులో సమాధి అయ్యాడనీ సంప్రదాయం చెబుతుంది. అతడు భారతదేశంలో హతుడైనాడని చెప్పే సిరియా భాషా గ్రంథం మూడవ శతాబ్దానిది. పదమూడవ శతాబ్దాంతంలో మార్కోపోలో ఈ తీరంలోని సమాధిని క్రైస్తవులూ మహమ్మదీయులూ దర్శించేవారని రాశాడు. 1547లో కొండపై పహ్లవీ లిపి గల శిలువ బయటపడింది. నేటి శాంతోమ్ దేవాలయం 1896 నాటిది. తోమా మరణాన్ని సమకాలిక శాసనమేదీ ధ్రువపరచదు. అయినా ఒక స్మృతిని ఇన్ని శతాబ్దాలు కాపాడుకున్న ప్రజల నిష్ఠ చరిత్రకెక్కిన సత్యమే. సంప్రదాయాన్ని సంప్రదాయమని, ఆధారాన్ని ఆధారమని చెప్పడమే చరిత్ర పాఠంలోని నిజాయితీ.

తెలుగునేలపై కూడా సాక్షులున్నారు. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వద్దకు మొదట వచ్చినవారిలో యర్రగుంట్ల పేరయ్య ఒకరు. ఆయనా, ఆయన బాటలో నడిచిన మాదిగ కుటుంబాలూ ఆదివారం వెట్టిచాకిరికీ, జాతరలలో డప్పు కొట్టడానికీ నిరాకరించారు. అందుకు గ్రామపెద్దలు వారికి నీరు ముట్టనివ్వక, పనులు ఇవ్వక వేధించారు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకపు పని తీసుకొని వేలాదిమందికి కూలి చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలువే నేడు మన మైలాపూరు పక్కగా సాగుతున్నది.

సత్యహరిశ్చంద్రుని కాటిసీను చూసి కంటతడి పెట్టే జాతి మనది. ఆడిన మాట కోసం ఆలుబిడ్డలను దూరం చేసుకున్న రాజు కథ మనకు కొత్త కాదు. అన్ని మతాల పిల్లలూ ఒకే బల్లపై కూర్చుని చదివే మన పాఠశాలకు ఈ హతసాక్షుల చరిత్ర ఒక మతానికి చెందిన పాఠం మాత్రమే కాదు. మనిషి అంతరాత్మపై ఏ ప్రభుత్వానికీ, ఏ గ్రామపెద్దకూ అధికారం లేదన్నది ఇందులోని సారం. మన రాజ్యాంగపు 25వ అధికరణం ఈ స్వేచ్ఛనే ప్రతి పౌరునికీ హామీ ఇస్తున్నది.

ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభవేళ తలిదండ్రులకూ, పూర్వవిద్యార్థులకూ నా విన్నపం ఒక్కటే. మన పిల్లలకు ప్రాణాలిచ్చే పరీక్షలు ఎన్నడూ రాకూడదు. కాని, చూసిన నిజాన్ని చూసినట్లు చెప్పవలసిన చిన్న పరీక్షలు ప్రతిదినమూ వస్తాయి. వాటిలో సాక్షులై నిలిచే ధైర్యాన్ని ఇంటా బడిలో మనమందరం కలిసి వారికి నేర్పుదాం.