కుంభకారుఁడు జొసయా వెడ్జివుడ్

ఘటమునకుఁ గపాలములు సమవాయికారణమనియు, దండచక్రాదులు నిమిత్తకారణములనియుఁ దార్కికులు చెప్పుదురు. ఆంగ్లదేశపుఁ గుమ్మరులలో నగ్రగణ్యుఁడగు జొసయా వెడ్జివుడ్ చరిత్రమునఁ జక్రము వెనుకఁబడి యగ్ని ప్రధానమైనది.

ఇతఁడు స్టాఫర్డుషైరు మండలమునందలి బర్స్లెమ్ గ్రామమునఁ గుమ్మరుల యింట 1730వ సంవత్సరమున జన్మించెను. బాల్యమునందే మశూచి సోఁకి కుడి మోఁకాలు చెడెను. 1744లో నన్నయొద్దనే పనినేర్వఁ జేరెను గాని కాలితోఁ ద్రొక్కి సారెను ద్రిప్పుట దుష్కర మయ్యెను. కావుననే యతని బుద్ధి మన్ను, పూఁత, నిప్పు వీని పరీక్షలవైపు మఱలె ననుట యుక్తము. ఆ పరీక్షలకు సంఖ్యలు వేసి, పరులకుఁ దెలియని సంకేతములతో వ్రాసికొనెడివాఁడు. 1768లో నా కాలినే ఖండింపవలసి వచ్చెను. మత్తుమందులు లేని కాల మది.

1759లో స్వతంత్రముగాఁ బని యారంభించి మీఁగడవన్నె పాత్రలను సాధించెను. 1765లో షార్లెటు రాణి తేనీటిపాత్రలు చేయించుకొనఁగా వానికి రాణిపాత్రలని పేరు వచ్చెను. రాణి కొన్నదానిని సామాన్యులును గోరుదురని యతఁ డెఱుఁగును. చెడ్డబాటలపై సరకు పగులుచుండుటచే ట్రెంటు-మెర్సీ కాలువకై పాటుపడి, 1766లో దాని తొలిగడ్డను దానే పెల్లగించెను. 1769లో లివర్పూలు వర్తకుఁడగు టామస్ బెంట్లీతోఁ గలిసి, ఆ కాలువదారి చెంతనే ఎట్రూరియా యను కర్మశాలను దెఱచెను. రుష్యా చక్రవర్తిని కేథరినుకు 1774లోఁ బంపిన భోజనపాత్రలు 900లకుఁ బైఁబడినవి.

ఇంత చేసినను నావపు వేఁడిమి మాత్ర మనిశ్చితముగనే యుండెను. పాదరసపుఁ దాపమాపకము దానికి నిలువదు. కుమ్మరులు నిప్పువన్నెను గంటఁ జూచి యూహించెడివారు. ఊహ తప్పిన నావమంతయు వ్యర్థము. కాలినకొలఁది మన్ను సంకోచించును గదా! అందుచే నతఁడు చిన్న మట్టిముక్కలను ఆవమునఁ గాల్చి, పోనుపోను సన్నమగు నిత్తడిగాడిలోఁ ద్రోచి, అవి పోయిన దూరమును బట్టి వేఁడిని గణించెను. 1782లో దీనిని రాయల్ సొసైటీకి నివేదించి, మఱుసటియేఁట సభ్యుఁడయ్యెను. ఆ మానమును ఫారెన్‌హీటు మానముతో నతఁడు ముడివెట్టిన తీరు సరికాదనియు, అంకములు మిక్కిలి హెచ్చనియుఁ దరువాతఁ దేలినది. ఐనను ఒక యావమును మఱియొకదానితోఁ బోల్చుట కది చాలెను. పాకమునఁ బరమాణువులే మాఱునని వైశేషికులును, కుండ కుండగానే మాఱునని నైయాయికులును వాదించిరి; ఆ సూక్ష్మచర్చకుఁ గొలఁత యక్కఱ లేకపోయెను. వ్యాపారికి లేక తీఱదు.

1787లో బానిసవర్తకమును మాన్పుటకై, సంకెళ్లతో మోఁకరించిన యాఫ్రికీయుని రూపముగల బిళ్లలు చేయించి యుచితముగఁ బంచిపెట్టెను. 1795 జనవరి 3న మరణించెను. ప్రకృతిశాస్త్రజ్ఞుఁడగు చార్లెసు డార్విను ఇతని దౌహిత్రుఁడు.